ఒంటిచేతి ఎత్తు

అగ్నియా పడిపోయినప్పుడు పియానో వాయిస్తున్నది నేనే. ఆమె నేలను తాకిన తర్వాత కూడా నా వేళ్ళు ఇంకో నాలుగు స్వరాలు పలికించాయి. చేతులకు కబురు ఆలస్యంగా అందుతుంది. ఆ నాలుగు స్వరాల గురించి నన్నెవరూ ఎన్నడూ అడగలేదు. మిగతావన్నీ అడిగారు. వాటికి నేను చెప్పిన జవాబుల వల్లే ఈ కథ నేను చెప్పాల్సి వచ్చింది.

ఆమెను మొదటిసారి చూసేనాటికి ఆమెకు పదేళ్ళు. వోల్గా నది ఒడ్డున మాది చిన్న ఊరేమీ కాదు గాని, బ్యాలే బడికీ థియేటరుకీ కలిపి పియానో వాయించేది నేనొక్కదాన్నే. పొద్దున బడి, మధ్యాహ్నం థియేటరు. బడిలో చేర్చుకునే పరీక్ష సంతలో దూడను బేరమాడినట్టే ఉండేది. పిల్లను లోపలి బనీనుతో నిలబెట్టి కాలు పక్కకు లేపి చూస్తారు, వెన్ను విరిచి చూస్తారు, పాదం వంపు చూస్తారు. తర్వాత తల్లి నడుము వంక కూడా ఓ చూపు వేస్తారు, ముందుముందు ఈ పిల్ల లావెక్కుతుందో లేదో తేల్చుకోవడానికి.

అగ్నియా తల్లి రేవు దగ్గర చేపల ఫ్యాక్టరీలో పని చేసేది. చేతులు వీపు వెనక దాచుకుని నిలబడింది. వాసన మాత్రం దాగలేదు.

"మెడ పొట్టి. పాదం కూడా అంతంతమాత్రమే," అని ఒక టీచరు పెదవి విరిచింది.

డాక్టరు పిల్ల కాలు పట్టుకుని చెవి దాకా లేపాడు. పిల్ల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"అబద్ధం," అని నవ్వాడు డాక్టరు. "తీసుకోండి. చివరికి నిలబడేది ఇలాంటివాళ్ళే."

ఆ ఏడు ముప్పైమంది చేరారు. ఎనిమిదేళ్ళ తర్వాత తొమ్మిదిమంది బయటికొచ్చారు. కొందరు ఎత్తు పెరిగి పోయారు, కొందరు లావెక్కి పోయారు, ఒకమ్మాయి మోకాలు పాడై పోయింది. అగ్నియా నిలబడింది. నా పేరు సెరాఫిమా అయితే, నన్ను 'సీమా పిన్నీ' అని పిలవడం ఆ బడిలోనే మొదలుపెట్టింది. క్లాసయ్యాక అందరూ వెళ్ళిపోతే నా దగ్గరికొచ్చి, "పిన్నీ, ఆ ముక్క ఇంకోసారి వాయించవా, దూకు కుదరట్లేదు," అనేది. నాకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు. వాయించేదాన్ని.

థియేటరులో మొదటి ఆరేళ్ళూ ఆమె వెనక వరసలో నిలబడింది. వెనక వరస అంటే అడవిలో చెట్టు, పెళ్ళిలో చుట్టం, యుద్ధంలో శవం. అందరిలా చెయ్యి లేపాలి, అందరిలా దించాలి, ఒకరికంటే బాగా చేస్తే తిట్లు. రోజూ పొద్దున్నే గోడ వెంట బిగించిన కడ్డీ పట్టుకుని కసరత్తు, ఆపైన అభ్యాసం, సాయంత్రం ఆట. కొత్త బూట్ల జత ఇస్తే దాని ముందు భాగం తలుపు సందులో పెట్టి నొక్కి మెత్తబరిచి, మడమ దగ్గర నాలుగు కుట్లు వేసుకుని, వేళ్ళకు దూది చుట్టుకుని తొడుక్కునేది. ఆట అయ్యాక ఆ దూది ఎర్రగా ఉండేది. తోటి పిల్లలు అప్పుడప్పుడూ ఏడ్చేవాళ్ళు. ఈమె ఏడవకుండా సీసాడు మజ్జిగ తాగి, వరండాలో ఒంటరిగా రేపటి ముక్క సాధన చేసుకునేది.

ఆరో ఏడు రోదియోన్ వచ్చాడు.

సైన్యం నాట్యబృందంలో చేసి వచ్చినవాడు. భుజాలు తలుపంత. అందగాడే గాని బద్ధకస్తుడు. మా బ్యాలే మాస్టరు గ్లెబ్ అర్కాదిచ్ ఒక మధ్యాహ్నం అమ్మాయిలను వరసగా పిలిచి అతనితో ఎత్తించి చూశాడు. గోధుమ బస్తా ఎత్తినట్టు ఒక్కొక్కరినీ ఎత్తి దించుతున్నాడు రోదియోన్. అగ్నియా వంతు వచ్చేసరికి ఆమె పరుగెత్తుకొచ్చి ఎగిరింది. అతను ఎత్తాల్సిన పనే లేకుండా పోయింది, పట్టుకోవడమే మిగిలింది.

"ఇదేంటి, పిట్ట వచ్చి వాలినట్టుంది!" అన్నాడు రోదియోన్ పైకి చూస్తూ.

"మాట్లాడకు. ఊపిరి పీల్చేటప్పుడు నీ చెయ్యి కదుల్తోంది," అంది ఆమె పైనుంచి.

మేమందరం నవ్వాం. గ్లెబ్ అర్కాదిచ్ మాత్రం నవ్వలేదు. ఆ రాత్రే కొత్త బ్యాలే రాయడం మొదలుపెట్టాడు. 'ఉప్పుగని పెళ్ళికూతురు' అని పేరు. గనిలో చనిపోయిన పెళ్ళికూతురిని పెళ్ళికొడుకు ఒంటిచేత్తో తలపైకెత్తి, వేదిక ఈ మూల నుంచి ఆ మూలకు పరుగున మోసుకుపోవడం దాని ముగింపు. అప్పటిదాకా మా ఊళ్ళో ఎవరూ అలాంటి ఎత్తు ఎత్తలేదు. మొదటి ఆట రోజు ఆ పరుగుకి జనం లేచి నిలబడ్డారు. ఏడేళ్ళు ఆడింది. జనం ఏడేళ్ళూ లేచి నిలబడ్డారు.

వాళ్ళిద్దరి మధ్యా ప్రేమా గీమా ఏమీ లేదు. రోదియోన్ కోరస్ పాడే అమ్మాయిని పెళ్ళాడాడు. అగ్నియాకు నదిలో ఓడలు నడిపే సవేలీ అనే అతను భర్తగా వచ్చాడు. ఆమెకు ఇరవయ్యారేళ్ళప్పుడు కడుపు నిలిచింది. రాజధాని నుంచి పెద్దలు వచ్చి ఆట చూసే వారం అది. ఆసుపత్రికి వెళ్ళి కడుపు తీయించుకుని, నాలుగో రోజున వచ్చి కడ్డీ పట్టుకుంది. మొహం సున్నం కొట్టినట్టుంది. సవేలీ వేసవి ప్రయాణానికి బయల్దేరి, తిరిగొచ్చాక నేరుగా తన తల్లి ఇంటికి పోయాడు. మళ్ళీ రాలేదు. ఆమె థియేటరు హాస్టలు గదిలో ఒంటరిగా ఉండిపోయింది. దాని గురించి నాతో ఒక్కసారే మాట్లాడింది. రోదియోన్‌ని ఆమె రోద్యా అనేది.

"రోద్యా కనిపెట్టేశాడు పిన్నీ. ఎత్తగానే 'నీ బరువు మారింది' అన్నాడు. సవేలీకంటే ముందు వాడికే తెలిసింది."

జోడీ అంటే అదే. ఆమె పొద్దున ఏం తిందో అతని అరచేతికి తెలిసేది. అతని ఊపిరి ఎక్కడ ఆగుతుందో ఆమె నడుముకి తెలిసేది.

డెబ్బై ఎనిమిదిలో జపాన్ ప్రయాణం మాట వచ్చింది. మరుసటి మార్చిలో, నలభైమంది బృందం, 'ఉప్పుగని పెళ్ళికూతురు'తో సహా. మా థియేటరు నుంచి ఎవరూ అంతదూరం పోయింది లేదు. ఆ చలికాలం మేడ మీద దర్జీ గదిలో దీపం ఆరలేదు. అందరూ కొత్త కోట్లు కుట్టించుకుంటున్నారు. అగ్నియాకు ముప్పై ఒకటి. ఇంకో నాలుగేళ్ళు నిలబడితే నర్తకుల పింఛను. ఇది ఆమెకు మొదటి విదేశం, చివరిది కూడా అదేనని ఆమెకు తెలుసు.

ఆ శరదృతువులోనే రోదియోన్ భుజం చెడింది. నేను మొదట సంగీతంలో పట్టుకున్నాను. ఎత్తు దగ్గర అతను అర క్షణం ఆలస్యం చేస్తున్నాడు. అభ్యాసాల్లో ఒక చేత్తో కాకుండా రెండు చేతులతో ఎత్తి, "ఆట రోజుకి దాచుకుంటున్నా," అని నవ్వేసేవాడు. డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ సంగీతం నోట్ల పుస్తకం కోసం పియానో గదికి వెళ్తే, అతను చొక్కా లేకుండా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అగ్నియా అతని భుజానికి గుర్రాలకు రాసే లేపనం రాసి పట్టీ బిగిస్తోంది. భుజం వాచి నీలంగా ఉంది.

"పిన్నీ, నువ్వేం చూళ్ళేదు," అంది అగ్నియా తల తిప్పకుండా.

"డాక్టరుకి చూపించావా?" అని రోదియోన్ని అడిగాను.

"చూపిస్తే మూణ్ణెల్లు ఎత్తొద్దంటాడు. మూణ్ణెల్లంటే మార్చి," అన్నాడు. "సెరాఫిమా పావ్లొవ్నా, ఒట్టు, అభ్యాసాల్లోనే నొప్పి. వేదికెక్కితే తెలియదు."

నేను నోట్ల పుస్తకం తీసుకుని వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నలభైమంది నన్ను జన్మలో క్షమించేవాళ్ళు కాదు. ఇది నాకు నేను చెప్పుకునే సాకు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, పదకొండు గంటలు. జిల్లా పెద్దలు గురువారం వచ్చి చూస్తారని గ్లెబ్ అర్కాదిచ్ కంగారుగా ఉన్నాడు.

"ఇవాళ దాచుకోడాలు లేవు. ఒంటిచెయ్యి. పూర్తిగా!" అని చప్పట్లు కొట్టాడు.

రోదియోన్ అగ్నియా వంక చూశాడు. ఆమె తలూపింది. నేను మొదలుపెట్టాను. ఆమె పరుగెత్తుకొచ్చి ఎగిరింది, అతను అందుకున్నాడు, చెయ్యి నిటారుగా లేచింది. ఆమె ఆ అరచేతి మీద వెల్లకిలా, చేతులు రెండూ కిందికి వేలాడేసి, తల వాల్చి ఉంది. అతను పరుగు అందుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు. ఐదో అడుగులో ఆమె పడిపోయింది. అంత ఎత్తు నుంచి, నడుము నేలకు ముందుగా తగిలేలా. చప్పుడు పెద్దగా రాలేదు. తడి బట్ట పడేసినట్టు వచ్చింది. రోదియోన్ చెయ్యి ఇంకా పైకే ఉంది, ఖాళీగా.

"కదిలించొద్దు! ఎవరూ కదిలించొద్దు!" అని గ్లెబ్ అర్కాదిచ్ అరుస్తున్నాడు. అగ్నియా కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంటే, "కాళ్ళు ఉన్నాయా పిన్నీ?" అని అడిగింది.

తుంటి ఎముక విరిగింది. నడుము దగ్గర వెన్నుపూస చిట్లింది. మూడో రోజున నన్ను లోపలికి పంపారు. ఆమె ఒళ్ళంతా సిమెంటు కట్టులో ఉంది. మొహం ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

"విచారణ సంఘం వేశారట కదా. నేను కాయితం రాసిచ్చాను. సంగీతం కంటే ముందే ఎగిరానని. తప్పు నాదేనని," అంది.

"నువ్వు ముందు ఎగరలేదు. సరిగ్గా స్వరం మీదే ఎగిరావు. నేను వాయించాను, నాకు తెలీదూ!"

"తెలుసు. అందుకే నీతో చెప్తున్నా. నువ్వు కూడా అదే చెప్పాలి."

నేను తల అడ్డంగా ఊపాను.

"భుజం సంగతి బయటపడితే రోద్యాని పీకేస్తారు. జపాన్ పోతుంది. నలభైమంది ఏడుస్తారు. నేనెలాగూ లేవను. వాణ్ణి కూడా పడుకోబెట్టి నాకు ఒరిగేదేంటి?" ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఆ భుజం ఎలా పోయిందనుకున్నావు పిన్నీ? నన్ను ఎత్తీ ఎత్తీ పోయింది. ఏడేళ్ళు మోశాడు. ఒక్కరోజు చెయ్యి నిలవలేదు. అది నేరమా?"

ఆమె ఆ మాటలు నమ్మి అన్నది. అదొక్కటే ఆమెను ఆ మంచం మీద బతికించిందని తర్వాత అర్థమైంది.

విచారణ గదిలో డైరెక్టరు, గ్లెబ్ అర్కాదిచ్, కార్మిక సంఘం తరఫున ఒకావిడ కూర్చున్నారు. ముందే టైపు చేసిన కాయితం నా ముందుకు జరిపారు. నర్తకి సంగీతానికి ముందుగా ఎగిరినట్టు పియానో వాద్యకారిణి ధ్రువీకరిస్తున్నది.

"అంతే కదా సెరాఫిమా పావ్లొవ్నా?" అన్నాడు డైరెక్టరు. గ్లెబ్ అర్కాదిచ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను సంతకం పెట్టాను.

ఆ సంతకానికి అర్థమేమిటో ఎండాకాలంలో తెలిసింది. అది పనిలో జరిగిన ప్రమాదం కాదు, నర్తకి సొంత అజాగ్రత్త. కాబట్టి ఆమె థియేటరు మనిషి కాకుండా పోయింది, హాస్టలు గది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆమె ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఆ గదిలో రిమ్మా అనే పంతొమ్మిదేళ్ళ పిల్ల దిగింది. జపాన్ వెళ్ళింది కూడా ఆ రిమ్మాయే. ఎత్తును మార్చేశారు. రోదియోన్ ఆమెను రెండు చేతులతో గుండెకు హత్తుకుని మోశాడు. అక్కడి జనానికి అదే బాగా నచ్చిందట. తిరిగొచ్చాక అతనికి గౌరవ కళాకారుడి బిరుదు ఇచ్చారు. ఆసుపత్రికి ఒకసారి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, పళ్ళు బల్ల మీద పెట్టి వెళ్ళాడని నర్సు చెప్పింది.

అగ్నియా రెండు ఆపరేషన్ల తర్వాత లేచింది. ఎడమ కాలు ఈడుస్తూ, కర్ర పట్టుకుని. రేవు దగ్గర తల్లి గదికి చేరింది. మొదటి ఏడు ఎవరూ పని ఇవ్వలేదు. తర్వాత చేపల ఫ్యాక్టరీలో డబ్బాలకు చీటీలు అంటించే పనికి కూర్చుంది. తల్లి ఎన్నేళ్ళనుంచో ఏ వాసన దాచాలని చూసిందో, అది కూతురి జుట్టులోకి కూడా వచ్చింది. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. తల్లి నాకు టీ పోసి, కూతురు వినేలాగే అనేది:

"కాలు చెవిదాకా లేపారు కదమ్మా ఆ రోజు. అప్పుడే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేయాల్సింది. నాకు బుద్ధి లేకపోయింది."

"మొదలెట్టావా మళ్ళీ!" అనేది అగ్నియా.

"మొదలెడతా. నా నోరు, నా ఇల్లు."

మూడో ఏడు రేవు కార్మికుల క్లబ్బులో పిల్లలకు డాన్సు నేర్పే పని దొరికింది. కుర్చీలో కూర్చుని, కర్రతో నేల కొడుతూ నేర్పేది. క్లబ్బులో పియానో ఉంది గాని వాయించేవాళ్ళు లేరు. వారానికి మూడు రోజులు నేను వెళ్ళి వాయించాను. ఎవరూ అడగలేదు. నా సంతకం గురించి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. నేనే ఒకసారి ఎత్తబోతే, "నేనే కదా పెట్టమంది, ఊరుకో," అంది.

పడిపోయిన ఏడేళ్ళకు, ఎనభై ఆరు ఏప్రిల్లో, ఒక మధ్యాహ్నం రోదియోన్ క్లబ్బుకు వచ్చాడు.

క్లాసు సగంలో ఉంది. ఎనిమిదిమంది ఆడపిల్లలు కడ్డీ పట్టుకుని ఉన్నారు. అతను తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లావెక్కాడు. కుడి చెయ్యి ఛాతీ దాటి లేవడం లేదు. ఎడమ చేత్తో జుట్టు సరిచేసుకున్నాడు. థియేటరు వదిలేసి బడిలో పాఠాలు చెప్తున్నాడని నాకు తెలుసు. గ్లెబ్ అర్కాదిచ్ తర్వాత బ్యాలే మాస్టరు ఇతనేనని ఊళ్ళో అనుకుంటున్నారు.

"రా రోద్యా," అంది అగ్నియా తేలిగ్గా, నిన్నే చూసినట్టు. "కూర్చో. పిల్లలూ, ఐదు నిమిషాలు. నీళ్ళు తాగి రండి."

పిల్లలు వెళ్ళారు. నేను లేవబోతే, "మీరూ ఉండండి సెరాఫిమా పావ్లొవ్నా, మీరూ వినాలి," అన్నాడు. తాగి లేడు. గడ్డం నున్నగా గీసుకుని వచ్చాడు.

"నాకు నిద్ర పట్టట్లేదు అగ్నియా. ఏడేళ్ళు. మా ఆవిడ వేరే గదిలో పడుకుంటోంది. నువ్వు నా కోసం ఆ కాయితం రాశావు. నేను... నీకు నిజం చెప్పాలి."

"నిజం నాకు తెలుసులే. నీ భుజానికి పట్టీ కట్టింది నేనే కదరా."

"అది కాదు." అతను టోపీ నలుపుతున్నాడు. "భుజంలో ఏదో తెగినట్టు పోటు వచ్చింది, నిజమే. కానీ నేను నిన్ను దించగలిగేవాణ్ణి. మోచెయ్యి వంచి నా ఛాతీ మీదికి తీసుకుంటే చాలు. వందసార్లు చేశాం ఆ పని, జారినప్పుడల్లా. ఆ రోజూ నాకు టైముంది. కానీ అలా తీసుకుంటే నీ బరువంతా ఆ భుజం మీదే పడేది. పూర్తిగా పోయేది. అందుకని... చెయ్యి తెరిచేశాను. నిలవక కాదు. తెరిచాను."

అగ్నియా మొహం మారలేదు. కర్ర మీద వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

"తెరిచావా?"

"తెరిచాను. ఒక్క క్షణమే. ఆలోచించి చేయలేదు. కానీ చేశాను." అతను ఏడుస్తున్నాడు. "ఏదో ఒకటి అను. కొట్టు, తిట్టు."

ఆమె తలుపు వైపు తిరిగి పిలిచింది:

"పిల్లలూ! ఐదు నిమిషాలైంది!"

రోదియోన్ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. మొహం తడిగా ఉన్నా, ముడి విప్పినట్టు సడలింది. నేను మెట్ల దాకా వెళ్ళాను. "గుండె తేలికైంది సెరాఫిమా పావ్లొవ్నా. ఎన్నాళ్ళకో," అన్నాడు. నాకు అతన్ని ఆ మెట్ల మీంచి తోసేయాలనిపించింది. నాకప్పటికి యాభై ఆరేళ్ళు.

క్లాసు పూర్తయింది. పిల్లలు పోయాక అగ్నియా కుర్చీలోంచి లేవలేదు.

"చెప్పకుండా ఉండాల్సింది," అంది. "వాడి చెయ్యి నిలవలేదని అనుకుని పడుకునేదాన్ని పిన్నీ. నిద్ర పట్టేది. ఇప్పుడు ఏమనుకుని పడుకోవాలి?"

ఆమె పది రోజులు క్లబ్బుకు రాలేదు. ఏమీ తినడం లేదని తల్లి నాకు కబురంపింది. నేను వెళ్ళేసరికి బల్ల ముందు కూర్చుని రాస్తోంది. చించేసిన కాయితాలు చుట్టూ పడి ఉన్నాయి.

"డెబ్బై తొమ్మిదిలో రాసింది అబద్ధమని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు. నీకు ఇబ్బంది అవుతుంది. నీ పేరు తియ్యనా?"

"ఉంచు," అన్నాను.

అవి రాజధానిలో పెద్దలు మారిన కొత్త రోజులు. పాత ఉత్తరాలకు కూడా పైనుంచి జవాబులు వస్తున్నాయని పేపర్లో చదువుతున్నాం. రెండు నెలలకు మమ్మల్ని ముగ్గురినీ థియేటరుకు పిలిచారు. డైరెక్టరు కొత్తవాడు, నలభై దాటని మనిషి, మర్యాదస్తుడు. అగ్నియాకు తనే కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు.

మొదట నన్ను అడిగాడు. ఆమె సరిగ్గా స్వరం మీదే ఎగిరిందని, భుజం వాపు నేను కళ్ళారా చూశానని, ఏప్రిల్లో క్లబ్బులో రోదియోన్ అన్న ప్రతి మాటా విన్నానని చెప్పాను.

"అంటే డెబ్బై తొమ్మిదిలో మీరు అబద్ధం మీద సంతకం పెట్టారు?"

"పెట్టాను."

"మరి ఇప్పుడు చెప్తున్నది నిజమని మేమెలా నమ్మాలి?"

సంతకం పెట్టిన చేతిని బల్ల కిందికి తీసుకున్నాను.

డైరెక్టరు రోదియోన్ వైపు తిరిగాడు. రోదియోన్ కొత్త సూటు వేసుకున్నాడు, బిరుదు పతకం పెట్టుకున్నాడు. బల్ల మీద చూపు నిలిపి మాట్లాడాడు.

"అగ్నియాను చూడ్డానికి వెళ్ళాను, నిజమే. పాత రోజులు మాట్లాడుకున్నాం. ఆమె బాధలో ఉంది. నేను అననిది విన్నట్టనిపించి ఉండొచ్చు. నా భుజం దెబ్బతిన్నది జపాన్ నుంచి వచ్చాక. డాక్టరు కాయితాలున్నాయి."

అగ్నియా ఒక్కసారిగా నవ్వింది. పెద్దగా, గొంతెత్తి. డైరెక్టరు ఉలిక్కిపడ్డాడు.

"మళ్ళీ తెరిచావు రోద్యా," అంది. "ఈసారి ఆలోచించే తెరిచావు."

అతను తలెత్తలేదు. డైరెక్టరుకు ఆ మాట అర్థం కాలేదు. కాయితాలు సర్దుకుని, పరిశీలించి జవాబు రాస్తామన్నాడు.

బయట వాన. థియేటరు ముందు పాలరాతి మెట్లు ఇరవై పైనే ఉంటాయి, తడిస్తే జారతాయి. అగ్నియా కర్ర మొదటి మెట్టు మీద పెట్టిందో లేదో, వెనకనుంచి వచ్చిన రోదియోన్ అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చాచాడు. అలా చాచాక ఏం చేస్తున్నాడో తెలిసి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె ఆ చేతి వంక చూసింది. కోపంగా కాదు. అంగట్లో వస్తువును చూసి వద్దనుకున్నట్టు. కర్ర నాకిచ్చి, పక్కనున్న రెయిలింగు పట్టుకుని, మంచి కాలు ముందేసి ఒక్కో మెట్టే దిగింది. చాలాసేపు పట్టింది. అంతసేపూ అతను పైమెట్టు మీద తడుస్తూ నిలబడే ఉన్నాడు. వెళ్ళిపోవడం కూడా అతనికి చేతకాలేదు.

సెప్టెంబరులో నన్ను థియేటరు నుంచి పంపేశారు. వయసు కారణమన్నారు. రోదియోన్ మరుసటి ఏడు బ్యాలే మాస్టరు అయ్యాడు. బాగానే చేశాడంటారు. ఒంటిచేతి ఎత్తు మాత్రం మా వేదిక మీద ఎవర్నీ చేయనివ్వలేదు.

జవాబు అక్టోబరులో వచ్చింది. నేను క్లబ్బులో ఉండగానే పోస్టుమనిషి తెచ్చిచ్చాడు. పాత కాయితంలో నర్తకి అజాగ్రత్త అన్న మాట కొట్టేశారట. ప్రమాదానికి కారణం నిర్ధారించలేకపోయామట. కింద ముద్ర, సంతకం. పనిలో జరిగిన ప్రమాదమనీ రాయలేదు, ఆమె పింఛనుకు తక్కువైన ఆ నాలుగేళ్ళ ఊసూ లేదు.

అగ్నియా నిలబడే చదివింది. నాకిచ్చి పైకి చదవమంది. చదివాను.

"అంటే నా తప్పు కాదనా?"

"కాదనే."

"అమ్మకి చెప్పాలి," అంది. కాయితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. బొత్తాం పట్టడం లేదు. నేను పెట్టబోతే వద్దంది. పిల్లలు కడ్డీ దగ్గర గుసగుసలాడుకుంటూ మా వైపు చూస్తున్నారు. ఆ బొత్తాం పెట్టుకోవడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో, ఆ రోజు క్లాసు అంత ఆలస్యంగా మొదలైంది.